గంపెడు ఎర్రమన్ను

దూదిగుంట వాళ్ళకు ఒక గొప్ప ఉండేది. తమ ఊరివాడు ఒక్కడు కూడా ఉదయగిరి పోలీసు స్టేషను మెట్టు ఎక్కలేదని. సంబంధం మాట్లాడడానికి పోయినా, గొడ్లు కొనడానికి పోయినా, ఉదయగిరి బస్సులో పక్కనవాడు యా ఊరు మీదని అడిగినా, ఊరి పేరు చెప్పిన తర్వాత వాళ్ళు చెప్పే రెండో మాట అదే. మా ఊళ్ళో కేసులుండవు. విన్నవాళ్ళు అవునవునని తల ఊపేవాళ్ళు. అందులో అబద్ధం లేదు కూడా. తొంభై ఏడు ఎండాకాలం దాకా లేదు.

కేసులు లేని ఊరంటే దొంగలు లేని ఊరని కాదు. దొంగలు లేని ఊరు ఎక్కడైనా ఉంటే అక్కడ మనుషులు కూడా ఉండరు. దూదిగుంటలో ఏదైనా పోతే, చెవి కమ్మో, ఇత్తడి చెంబో, ఎద్దు మెడలో గంటో, కుప్ప వేసేవాళ్ళు. పెద్దాయన రామనారాయణ ఊ అనగానే తిరుపాలు తప్పెట కొట్టి ఇంటింటికీ చాటేవాడు. మరునాడు పొద్దున ఇంటికొక మనిషి, మనిషికొక గంప. చెరువులో నల్లమన్ను నింపుకుని, పైన గుడ్డ కప్పుకుని, ఒకరి తర్వాత ఒకరు పాత ధాన్యం కొట్టులోకి పోవాలి. ఆ కొట్టుకు కిటికీ లేదు. లోపల గంప బోర్లించి, ఖాళీ గంపతో బయటికి రావాలి. దొంగా వస్తాడు, వాడి గంపకూ గుడ్డ ఉంటుంది. అందరూ పోసినాక ఆ మన్నును వాకిట్లోకి లాగి పదిమంది ముందు జల్లిస్తే, పోయిన వస్తువు జల్లెట్లో తేలుతుంది. ఎవరి గంపలోదని అడగకూడదు. అడిగినవాడిది తప్పు. పెద్దాయన బెల్లం దిమ్మ పగలగొట్టి ఇంటికొక ముక్క చేతిలో పెడతాడు. అది నోట్లో వేసుకుంటే ఆ సంగతిని మింగేసినట్టే లెక్క. ఇక కల్లు తాగి కొట్టుకున్నా ఆ ఊసు ఎత్తరు.

అందరూ చెరువు మన్నే తేవాలని కట్టుబాటు ఎందుకంటే, ఎవరింటి మన్ను వాళ్ళు తెస్తే మన్నే పేరు చెబుతుంది. పెట్టినవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు.

జల్లించే పని లిదియమ్మది. ఊరికి తూర్పున, బాప్టిస్టు చర్చి చుట్టూ ఉన్న ఇళ్ళను పల్లె అంటారు. ఆమెది ఆ పల్లె. ఆమెకు ముందు ఆమె అత్త ఆనందమ్మ జల్లించేది. కళ్ళాల్లో శనక్కాయలు, కందులు జల్లించి బతికే ఇల్లు కాబట్టి ఈ పనీ వాళ్ళకే వచ్చింది. కొత్తలో పాస్టరుగారు ఇది అన్యుల ఆచారం, మనకొద్దన్నారట. పాపం లేనివాణ్ణి మొదటి రాయి వేయమన్నాడు గదా ప్రభువు, మన్ను వేయమంటే ఎందుకు వద్దంటాడని ఆనందమ్మ అడిగితే ఆయన నవ్వేసి ఊరుకున్నారట. ఊరివాళ్ళు, పల్లెవాళ్ళు ఒకే గుమ్మంలో అడుగు పెట్టేది సంవత్సరం మొత్తంలో ఆ కుప్ప రోజే. అందుకని పల్లెలో కూడా దానిమీద ఒక రకమైన ప్రేమ ఉండేది.

రామనారాయణ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం సులువుగా ఉండేది. తన సొంత బావమరిది పక్కవాడి గట్టు జరిపితే, గట్టు వెనక్కి వేయించి, బావమరిది చేత ఆ పక్కవాడికి నలుగురిలో దణ్ణం పెట్టించిన మనిషి. పోలీసోడొస్తే న్యాయం రాదు, వాడి జీపు దుమ్ము ఒక్కటే వస్తుందని ఆయన మాట. అది ఆయన మనసులో మాటే.

అయితే కుప్ప ముక్కుపుడకల కాలంలో పుట్టింది. తొంభైల్లో దూదిగుంటలో బోర్లు పడ్డాయి, మోటార్లు వచ్చాయి. మోటార్లు పోవడం మొదలుపెట్టాయి. ఎండాకాలం వచ్చిందంటే ఎవరో ఒక చిన్న రైతు పొద్దున లేచి బోరు దగ్గరికి పోయేసరికి ఉత్త పైపు ఉండేది. మోటారు గంపలో పట్టదు. కుప్ప వేసినా మన్నే తేలేది.

లిదియమ్మ కొడుకు సురేంద్రబాబు మోటారు మెకానిక్కు. వాడు చంకలో ఉండగానే తండ్రి పోతే ఆమె కూలికి పోయి చదివించింది. ఆత్మకూరులో వైండింగు పని నేర్చుకుని ఉదయగిరి బస్టాండు పక్కన ఒక బంకు పెట్టాడు. మొదటి ఏడాదే చేతికి గడియారం కొనుక్కున్నాడు. మణికట్టు సన్నం, బెల్టు వదులు. లిదియమ్మ మేకు కాల్చి బెల్టుకు ఇంకొక బెజ్జం పొడిచి ఇచ్చింది. చర్చిలో పాట పాడేటప్పుడు వాడు ఆ చెయ్యి పైకెత్తితే ఆమెకు పాట వినపడేది కాదు.

ఒకరోజు వాడి బంకుకు రిపేరుకని ఒక పాత మోటారు వచ్చింది. విప్పి చూస్తే లోపలి వైండింగు వాడు కట్టిందే. దూదిగుంటలోనే ఒక రైతుకు పోయిన సంక్రాంతి ముందు కట్టిచ్చిన మోటారు. తెచ్చిన బేరగాణ్ణి కూర్చోబెట్టి టీ తాగించి, ఎవరమ్మారో కనుక్కున్నాడు. ఆ సాయంత్రం నేరుగా రామనారాయణ అరుగు దగ్గరికి పోయాడు. అక్కడ నలుగురు పెద్దమనుషులున్నారు. ఆయన కొడుకు పెంచలప్రసాద్ కూడా స్తంభానికి ఆనుకుని ఉన్నాడు.

"అయ్యా, మోటారు దొంగ గంపకు దొరకడు. స్టేషన్లో రాసిద్దాం. అమ్మినోడి పేరు నాకు తెలిసింది," అన్నాడు సురేంద్ర.

"ఎవుడ్రా?" అన్నాడు రామనారాయణ.

"ఈడ చెప్పను. చెబితే మళ్ళా బెల్లం పెట్టి ఊరుకుంటారు. ఆడ్నే చెబుతా."

"ఊరి పరువు తీసేదానికేనా నాయనా నీకు చదువు చెప్పించింది? రెండు దినాలాగు. నేను కనుక్కుంటా."

పెద్దాయన మాట కాదనలేక సురేంద్ర ఆగాడు. ఆ ఆగడమే వాడి ప్రాణం మీదికి వచ్చింది. మరునాడు బంకు మూసి సైకిలు మీద బయలుదేరినవాడు ఇల్లు చేరలేదు. పొద్దున మేకలవాళ్ళు చూస్తే దారి పక్క ఎండిపోయిన మోటబావిలో పడి ఉన్నాడు. సైకిలు గట్టున స్టాండు వేసి ఉంది.

చీకట్లో జారిపడినాడని ఊరు అనుకుంది. అందరూ వచ్చారు. ఏడ్చారు కూడా, ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. రామనారాయణ లిదియమ్మ పక్కన నేలమీద కూర్చుని అన్నాడు. "స్టేషనుకు చెప్పమంటే చెబుతా లిదియా. చెబితే బిడ్డను ఆస్పత్రికి మోసకపోయి, కోసి, మూట కట్టిస్తారు. నీ ఇష్టం."

"వద్దయ్యా. నా బిడ్డను కోయబాకండి," అంది లిదియమ్మ.

ఏ తల్లయినా ఆ మాటే అంటుంది. ఆ మాటను తర్వాత ఎన్నిసార్లు వెనక్కి తీసుకోవాలనుకుందో ఆమెకే తెలుసు. నీళ్ళు పోసేటప్పుడు తల వెనక దెబ్బ చూసింది. మణికట్టు మీద ఎండ తగలని తెల్లటి పట్టీ చూసింది, దాని మీద గడియారం లేదు. ఆ పూట ఆమెకు బుద్ధి పనిచేయలేదు. చర్చి వెనక పూడ్చిపెట్టి, ప్రార్థన చేసి ఇంటికొచ్చాక ఆ తెల్లటి పట్టీ ఒక్కటే కళ్ళ ముందు ఆడడం మొదలుపెట్టింది. మనుషుల్ని బావిలోకి దించి వెతికించింది. లేదు. దారంతా వెతికింది. లేదు. పడి ఉన్న శవం చేతి నుంచి ఎవరో విప్పుకుని ఉంటారనుకుంది. అంతకు మించి ఆమెకు అనుమానం లేదు. గుర్తుగా దాచుకోవడానికి వస్తువొకటి కావాలనిపించి, రామనారాయణ దగ్గరికి పోయి కుప్ప వేయించమంది. ఆయన సరేనన్నాడు.

తిరుపాలు చాటాడు. తిరుపాలుదీ పల్లే. చిన్నప్పటినుంచీ రామనారాయణ ఇంట్లో జీతగాడు. ఎన్ని కుప్పలు వేసినా ఆ ఇంటి గంప మోసేది వాడే. పెద్దింటివాళ్ళు మన్ను తవ్వడమేమిటి, మోయడమేమిటి. కానీ ఆ పొద్దు తిరుపాలు ఉత్త చేతులతో గోడవారన నిలబడ్డాడు. పెంచలప్రసాద్ తెల్ల చొక్కా వేసుకుని, తలపాగా చుట్టి, గంప నెత్తిన పెట్టుకుని తనే వచ్చాడు. ఆడవాళ్ళు ముచ్చటపడ్డారు కూడా. సురేంద్ర మీద ఎంత అభిమానమో చూడు, పెద్దింటి బిడ్డ గంప మోసినాడని ఒకామె అంది.

లిదియమ్మ వాకిట్లో జల్లెడ ముందు కూర్చుంది. మొగవాళ్ళు కొట్టులోంచి మన్నును పారలతో లాగి ఆమె ముందు పోశారు. చెరువు మన్ను నల్లగా, జిగటగా గడ్డలు గడ్డలుగా వచ్చింది. సగం అయ్యాక ఆ నలుపులో ఒక ఎర్రటి చార కనపడింది. ఊళ్ళో పెద్దాయన చేలో తప్ప లేని ఎర్రమన్ను, అందులో శనక్కాయ పొట్టు, ఆయన మోటారు షెడ్డు దగ్గర నేల మీద ఉండే నూనె వాసన. ఆమె దాన్ని జల్లెట్లోకి తీసుకుని ఆడించింది. గడియారం తేలింది. బెల్టుకు మేకుతో పొడిచిన బెజ్జం.

వాకిట్లో ఉన్నవాళ్ళందరూ ఎర్రమన్ను చూశారు. చూడలేదని చెప్పడానికి లేదు, నల్లమన్నులో ఎర్రమన్ను దాగదు. పుట్టి బుద్ధెరిగి పార పట్టనివాడికి చెరువు దాకా పోవాలని తోచలేదు. జీతగాణ్ణి పంపిస్తే వాడి చేతికి గడియారం తగులుతుందని తనే షెడ్డు వెనక నాలుగు పారలు గోకి తెచ్చుకున్నాడు. గడియారాన్ని ఏ గుంటలోనో పారేయక ఎందుకు తెచ్చాడంటారా? వాడూ దూదిగుంటలో పుట్టినవాడే. వస్తువు తిరిగిచ్చేస్తే అయిపోతుందని ఉగ్గుపాలతో నేర్చుకున్నాడు. దాచుకున్నవాడి వంశం నిలవదని అవ్వ చెబితే విన్నాడు.

అప్పుడు లిదియమ్మకు తల వెనక దెబ్బ గుర్తొచ్చింది. గట్టున నిలబడి ఉన్న సైకిలు గుర్తొచ్చింది. ఆమె తలెత్తి చూస్తే ఎవరూ ఆమె వైపు చూడడం లేదు. రామనారాయణ ఎర్రమన్ను వైపు చూస్తున్నాడు. ఆయన ముఖం పాలిపోయి, పెదిమలు ఎండిపోయి, ఒక్కసారిగా ముసలివాడైపోయాడు. ఆయనకు అంతకుముందు తెలియదని ఆమెకు అక్కడే అర్థమైంది. తర్వాత ఆయన బెల్లం దిమ్మ తీసుకుని రాయి మీద కొట్టాడు.

"దొరికింది. అయిపోయింది," అన్నాడు.

ఇంటికొక ముక్క. అందరూ నోట్లో వేసుకున్నారు. లిదియమ్మ తన ముక్కను జల్లెట్లో పెట్టి, గడియారం కొంగున ముడేసుకుని ఇంటికి పోయింది.

మరునాడు రామనారాయణ పల్లెకు వచ్చాడు, చెప్పులు చేత్తో పట్టుకుని. పల్లెలో ఆయన చెప్పులు విప్పడం ఎవరూ ఎరుగరు.

"ఎవుడైతే ఏంది లిదియా, వాడు ఈ ఊళ్ళో ఉండడు. నెల్లూరు పంపించేస్తా. నేను సచ్చినా తలకొరివి పెట్టేదానికి రాకుండా చేస్తా. నా మాట మీద నమ్మకముండాదా లేదా నీకు?"

"ఉండాదయ్యా. పేరు చెప్పండి."

ఆయన చెప్పులు ఒక చేతిలోనుంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"నలుగురిలో వొద్దు. ఈడ, నా ఒక్కదానితోనే. నా కొడుకును సంపినోడి పేరు మీ నోటితో ఒక్కసారి చెప్పండి. నేను బెల్లం తింటా."

రామనారాయణ చెప్పులు కింద పెట్టాడు. నోరు తెరిచాడు. కానీ కన్నకొడుకు పేరు ఆ మాటకు పక్కన పెట్టి పలకడం ఆయన వల్ల కాలేదు. చెప్పులు అక్కడే మరిచి వెళ్ళిపోయాడు. ఆయన మీద ఆమెకు జాలి కలిగింది, ఆ జాలికి తన మీద తనకే ఒళ్ళు మండింది. ఆ చెప్పులు ఎవరి చేతనో పంపించి, చీర మార్చుకుని ఉదయగిరి బస్సెక్కింది.

స్టేషన్లో ఎస్సై కుర్రవాడే. విసుగుతోనైనా చివరిదాకా విన్నాడు.

"శవాన్ని పూడ్చేటప్పుడు మేము గుర్తు రాలేదా అమ్మా? ఇప్పుడు గడియారం పోయిందంటావు, దొరికిందంటావు. ఎవడు పెట్టాడో చూడలేదంటావు. ఎర్రమన్ను వచ్చి కోర్టులో సాక్ష్యం చెబుతుందా?"

"ఊరంతా చూసినారు సార్."

"అయితే ఊరంతా రానీ. ఈ సర్కిల్లో నాకు తలనొప్పి లేని ఊరు మీదొక్కటే. దాన్ని కూడా చెడగొట్టద్దు. పెద్దాయనతో మాట్లాడుకోండి పో."

ఆమెకు నవ్వొచ్చింది. పెద్దాయన ఇంటినుంచి ఇక్కడికొస్తే ఇక్కడినుంచి పెద్దాయన ఇంటికే దారి చూపించారు. అయినా ఇంటికి పోకుండా ఆత్మకూరు బస్సెక్కింది. అక్కడ రాజమోహన్ అనే లాయరు ఉన్నాడు. బాప్టిస్టు సభల్లో చూసిన ముఖం. ఫీజు మాట ఎత్తకుండా కూర్చోబెట్టి, అంతా విన్నాడు.

"చట్టానికి కళ్ళు లేవంటారు గానీ అమ్మా, దానికి లేంది నోరు. మనమే ఇయ్యాల. ఆ గంప ఎవురు మోసినారో చూసినామని ఒక్కరు చెబితే చాలు, పై ఆఫీసరు దగ్గరికి నేను తీసకపోతా. నువ్వు తల్లివి, నీ మాట చాలదు. ఇంకొక్కరిని పట్టకరా."

ఒక్కరు. గంప మోసుకుపోవడం ఊరంతా చూసిన పనికి ఒక్కరు. ఆమె ధైర్యంగానే తిరిగొచ్చింది. తీరా చూస్తే, ఆమె గడప తొక్కగానే ఒకామెకు పొయ్యి మీద కూర మాడింది. ఒకాయనకు ఎడ్లు తాడు తెంచుకున్నాయి. పాస్టరుగారు ప్రార్థన చేద్దామన్నారు. చివరికి తిరుపాలు దగ్గరికి పోయింది. వాడు రామనారాయణ కొట్టంలో గొడ్లకు చొప్ప వేస్తున్నాడు.

"ఆ పొద్దు గంప నువ్వు మోయలేదు గదా తిరుపాలూ. ఎవురు మోసినారని చెప్పబాకు. నేను మోయలేదని చెప్పు, చాలు."

తిరుపాలు చొప్పకట్ట కింద పెట్టి అటూ ఇటూ చూశాడు.

"అక్కా, నీకొక సంగతి చెబుతా, కోప్పడబాకు. మీ సురేంద్ర ఆరో తరగతిలో ఉండంగా పాస్టరుగారి టార్చిలైటు పోయింది, గుర్తుండాదా?"

"ఉండాది. కుప్పలో దొరికింది."

"యా గంపలోదో తెలుసా నీకు?"

లిదియమ్మ వాడి ముఖంలోకి చూసింది.

"నువ్వు జల్లెడ కాడ ఉంటే మీ ఇంటి గంప వాడే గదా మోసేది. స్విచ్చి ఆపేది మర్సిపోయినాడు పిలకాయ. గుడ్డ కింద ఎలుగుతా ఉండాది లైటు. వాడు అట్టనే మోసకపోయినాడు మా అందరి ముందర. ఊరు ఊరంతా చూసింది. ఒక్కరన్నా నవ్వినారా? ఒక్కరన్నా నీతో అన్నారా ఇన్నేళ్ళలో? ఆ పొద్దు ఎవురన్నా నోరు జారుంటే వాడికి దొంగనాయాలని పేరు పడేది. ఆత్మకూరు పొయ్యుండడు, బంకు పెట్టుండడు. ఇట్టాంటి టార్చిలైటు ఇంటికొకటి ఉండాదక్కా ఈ ఊళ్ళో. నాదీ ఒకటుండాది. ఒక్క పేరు బయటికొస్తే అన్నీ వస్తాయి. అందుకే ఎవురూ చెప్పరు."

లిదియమ్మ పశువుల గాడి మీద కూర్చుంది. తన బిడ్డ సంగతి ఊరందరికీ తెలుసు, తనకొక్కదానికే తెలియదు. ఇన్నాళ్ళూ తన తలెత్తుకు తిరుగుడు వాళ్ళు పెట్టిన భిక్ష. వాడు గుడ్డ కింద వెలుగు మోసుకుపోతుంటే ఎంత భయపడి ఉంటాడో అనుకుంది. ఊరి మీద ప్రేమ పొంగుకొచ్చింది, దాని వెనకే అంతకు రెండింతల కోపం వచ్చింది.

"టార్చిలైటు తిరిగొచ్చింది తిరుపాలూ. నా కొడుకు యాడ తిరిగొచ్చినాడు?"

తిరుపాలు తల వంచుకుని చొప్పకట్ట విప్పాడు.

ఆమె మళ్ళీ ఆత్మకూరు పోయింది. ఇంకొకరు దొరకలేదని, తల్లిగా కాదు, కుప్ప జల్లించిన మనిషిగా చెబుతానని రాజమోహన్‌తో అంది. జల్లించే మనిషి నోరు తెరవడం ఆ ఊరు పుట్టినప్పటినుంచీ లేదు. ఆయన ఆమెను పై ఆఫీసరు దగ్గరికి తీసుకుపోయాడు. ఎర్రమన్ను గంప మోసింది పెంచలప్రసాదని ఆమె చెప్పింది. ఆ పేరు పైకి అనడం అదే మొదటిసారి. చెప్పాక గుండె మీది రాయి దిగినట్టయింది. విచారణ చేయమని ఉదయగిరికి ఉత్తర్వు వచ్చింది.

జీపు వచ్చింది. దూదిగుంటలోకి పోలీసు జీపు రావడం చూడడానికి పిల్లలు పరుగెత్తారు, పెద్దవాళ్ళు తలుపులు వేసుకున్నారు. పెంచలప్రసాద్ అప్పటికే నెల్లూరు చేరాడు. రామనారాయణ అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎస్సై ఊరివాళ్ళను ధాన్యం కొట్టు ముందు నిలబెట్టి ఒక్కొక్కరినీ ఒకే మాట అడిగాడు.

"పెద్దాయన ఇంటి గంప ఎవరు మోస్తారు?"

"తిరుపాలు సార్. ఎప్పుడూ తిరుపాలే."

రెండోవాడూ అదే అన్నాడు. మూడోవాడూ. ఒక్కరూ అబద్ధమాడలేదు. ఆ పొద్దు మాత్రం వాడు కాదన్న ముక్క ఒక్కటి ఎవరూ చెప్పలేదు. ఎవరికి వాళ్ళు ఆ పేరు మన నోటినుంచి రాకపోతే చాలనుకున్నారు. తన తర్వాతివాడు చెబుతాడులే అనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. చివరికి ఎస్సై తిరుపాలును ముందుకు లాగాడు.

"నువ్వేనా మోసేది?"

తిరుపాలు అరుగు వైపు చూశాడు. అక్కడినుంచి ఏ సైగా రాలేదు, వద్దనే సైగ కూడా రాలేదు. పుట్టినప్పటినుంచీ ఆ ఇంటి బరువు తనదేనన్న నోటితో వాడు అన్నాడు. "నేనే సార్."

"ఆ పొద్దు వాడు కాదు సార్. పెంచలప్రసాద్. నేను చూసినాను," అని లిదియమ్మ అడ్డం పడింది.

"ఊరు మొత్తం ఒక మాట మీదుంటే నీదొక్కదానిదే వేరే మాటా? నీ కొడుకు కేసే గదమ్మా ఇది. దొంగ దొరికితే నీకెందుకు ఏడుపు?"

వాణ్ణి జీపులో ఎక్కించుకుపోయారు. వాకిలి ఖాళీ అయింది. అరుగు మీది కుర్చీ మాత్రం చీకటి పడేదాకా ఖాళీ కాలేదు.

ఆ వారంలో ఊళ్ళో ఎవరిదో బిందె పోయింది. చాటేవాడు లాకప్పులో ఉన్నాడు. ఇక కుప్ప ఎవరు వేస్తారు, వేసినా ఎవరు తెస్తారు? పోలీసులున్నారు గదా, పోయి చెప్పుకోమని ఆడవాళ్ళు లిదియమ్మకు వినపడేటట్టు అనుకున్నారు.

తిరుపాలు పెళ్ళాం ఎస్తేరమ్మ రోజూ ఉదయగిరికి సంగటి మోసుకుపోయి వస్తోంది. ఒకనాడు స్టేషనునుంచి నేరుగా లిదియమ్మ ఇంటికి వచ్చి, గుమ్మం అవతలే నిలబడింది.

"అరికాళ్ళు చూసొచ్చినానొదినా. కాళ్ళని గుర్తు పట్టేదానికి లేవు. నువ్వే సంపినావని ఒప్పుకో, ఇంక కొట్టము అంటన్నారంట. ఆ మనిషి రేపో ఎల్లుండో ఒప్పుకుంటాడు. నాకు తెలుసు ఆయన సంగతి. చిన్నప్పటినుంచీ కాదని చెప్పేది రాదు ఆయనకు."

ఎస్తేరమ్మ ఖాళీ సంగటి గిన్నె గడప మీద పెట్టింది.

"ఈ జీపును నువ్వు తెచ్చినావు. నువ్వే పంపించు."

లిదియమ్మ కోరింది ఒక పేరు. తన కొడుకును చంపినవాడి పేరు నలుగురిలో వినపడాలని. వినిపించడానికి స్టేషన్లో సిద్ధంగానే ఉన్నారు, తిరుపాలు పేరు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు, ఆమెకు నూతిలో కొడుకు ఉన్నాడు, గోతిలో తిరుపాలు ఉన్నాడు. కొంగున ఉన్న గడియారం విప్పి చూసుకుంది. అది ఆగిపోయి ఎన్నాళ్ళయిందో. ఆ రాత్రి చర్చి వెనక సమాధి దగ్గర కూర్చుని కొడుకును ఏదో అడిగింది. వాడేమన్నాడో ఆమె ఎవరికీ చెప్పలేదు.

పొద్దున ఎస్తేరమ్మతో కలిసి ఉదయగిరి పోయింది. స్టేషన్లో రామనారాయణ అప్పటికే ఎస్సై ఎదుట కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన జీవితంలో ఆ మెట్టెక్కడం అదే మొదలు. మనిషి సగం అయ్యాడు. ఆమెను చూసి లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

"చెప్పమ్మా," అన్నాడు ఎస్సై.

"నా కొడుకు కాలు జారి పడినాడు సార్."

"గడియారం?"

"బాయి కాడ పడిపోయింటే ఎవురికో దొరికింది. తెచ్చిచ్చినారు."

"మరి ఎర్రమన్ను?"

లిదియమ్మ రామనారాయణ వైపు చూసింది. ఆయన కళ్ళు నేల మీద ఉన్నాయి. ఇప్పుడైనా ఒక్క మాట అంటాడేమోనని ఆమె నిజంగానే కాచుకుంది. గట్టు వెనక్కి జరిపించిన మనిషి గదా.

"నల్లమన్నే సార్. నాకు చూపు ఆనదు," అంది.

వేలిముద్ర వేయించుకున్నారు. కొడుకును మొదటిసారి పూడ్చినప్పుడు ఊరంతా తలా ఒక చెయ్యి వేసింది. ఈసారి తనొక్కతే పూడ్చింది. ఆ వేలిని చీరకు ఎంత తుడుచుకున్నా సిరా పోలేదు, ఆమె తుడుచుకుంటూనే ఉంది.

"దీనికోసం నన్ను పై ఆఫీసరు ముందు నిలబెట్టారు," అని ఎస్సై విసుక్కున్నాడు. "మీ ఊరి సంగతి మీరే చూసుకుంటామనేవాళ్ళు గదా పెద్దాయనా. చూసుకోండి."

"చూసుకుంటాం సార్," అన్నాడు రామనారాయణ. ఆ మాట బయటికి సరిగా వినపడలేదు.

తిరుపాలును ఇద్దరు ఆడవాళ్ళూ చెరొక రెక్క పట్టుకుని బస్సెక్కించారు. రామనారాయణ తన బండిలో రమ్మన్నాడు. ఎస్తేరమ్మ వద్దని తల ఊపింది. బస్సులో వాడు కాళ్ళు కింద ఆనించలేక సీటు మీద పైకి పెట్టుకున్నాడు. కండక్టరు తిట్టబోయి, కాళ్ళు చూసి ఊరుకున్నాడు. ఉదయగిరి కోట కొండ వెనక్కి పోయింది. పక్క సీట్లో ఎవరో యా ఊరు మీదని అడిగారు. ఎస్తేరమ్మ ఊరి పేరు చెప్పి ఆగింది. రెండో మాట చెప్పలేదు.

ఊరు దగ్గరపడుతుండగా తిరుపాలు లిదియమ్మ వైపు తిరిగాడు. వాడి గొంతులో కోపం లేదు. దారి తప్పినవాడు ఎదురొచ్చినవాళ్ళను అడిగినట్టు అడిగాడు.

"అక్కా, కాళ్ళు నయమైనాక నేను మళ్ళా ఆ ఇంటికి పనికి పోవాల్నా, వొద్దా?"

ఎస్తేరమ్మ కూడా ఆమె ముఖంలోకి చూసింది. లిదియమ్మ ఆ కాళ్ళ వైపు చూసింది. ఎంత ఆలోచించినా ఇంకొక జవాబు దొరకలేదు.

"పో తిరుపాలూ," అంది. "పోకపోతే నువ్వే సంపినావంటారు."